పాచి లేని అద్దం

చేపకి కూడా పొట్ట వీపుకంటుకుపోతుందన్నమాట, అనుకుంటూ ఆమె భూతద్దాన్ని ఇంకాస్త కిందికి దించింది, ప్రెస్సులో మందు సీసాల లేబుళ్ళ మీద చీమ తలకాయంత అక్షరాలు చూసే భూతద్దం, పద్దెనిమిదేళ్ళుగా చేతిసంచిలోంచి కదలనిది, దాని కింద ఇప్పుడు అక్షరానికి బదులు చేప, చిటికెన వేలిలో సగం కూడా లేని చేప, తడి దూది మీద వెల్లకిలా పడుంది, పొట్ట ఉండాల్సిన చోట గుంట, చెంచాతో తోడేసినట్టు, చూశారా అమ్మా, అంటోంది చేపల కొట్టావిడ కళ్ళజోడు జుట్టులోకి తోసుకుంటూ, ఇది తెగులు కాదు, నీళ్ళ దోషం కాదు, మందూ మాకూ లేవు దీనికి, పస్తులుండి పోయింది పాపం, పస్తులా, అని ఆమె నవ్వబోయింది, నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే అవి తింటూనే ఉంటాయి కదా, పొద్దున లేచి చూసినా సాయంత్రం వచ్చి చూసినా అద్దానికి నోరు అతికించుకుని పైకీ కిందికీ జరుగుతూ, ఆరింటికి ఆరూ, ఆ చిన్ని నోళ్ళు ఒక్క నిమిషం ఆడకుండా ఉండగా చూడలేదు తను, నోరాడినంత మాత్రాన తిన్నట్టా అమ్మా, అంది కొట్టావిడ, అద్దం మీద ఏమన్నా ఉంటే కదా తినడానికి, తొట్టి అద్దాలు మీరు తుడుస్తారా, రోజూ తుడుస్తాను, అంది ఆమె, అనడంలో కాస్త గర్వం కూడా పలికింది, పొద్దున్నే మొదటి పని అదే, స్పాంజితో నాలుగు వైపులా తుడిచేస్తాను, చుక్క ఉండనివ్వను, మా తొట్టి అద్దంలా ఉంటుంది, అద్దంలా ఉంటే అవేం తింటాయి తల్లీ.

ఆ మాట చాలా మెల్లగా అంది కొట్టావిడ, అయినా చెంప మీద కొట్టినట్టే తగిలింది, ఎవరూ చెప్పలేదే, ఆ రోజు వేరే కొట్టులో కొన్నప్పుడు ఓటోలండీ, తీసుకెళ్ళండి, అన్నాడు ఆ కొట్టువాడు, ఆటోలేమిటండీ, మూడు చక్రాలున్నాయా, అంటే పకపకా నవ్వి, ఇవి జెల్లల జాతే, కాకపోతే వేలెడంత కూడా పెరగవు, అద్దం మీద పాచి తప్ప ఇంకేం ముట్టవు, మీరేం పెట్టక్కర్లేదు, తొట్టికి పాచిపని చేసే మనుషుల్ని జీతం లేకుండా పెట్టుకున్నట్టే, అన్నాడు, ఆ జీతం లేకుండా అన్న మాటకే తనకి ముచ్చటేసింది, ప్రెస్సులో బైండింగు సెక్షను ఆవిడ వదిలించుకున్న పాత తొట్టి, గోడలన్నీ పచ్చగా జిగురుగా పాకురు పట్టి ఉండేది, పది రోజుల్లో ఆరూ కలిసి నున్నగా నాకేశాయి, అప్పుడు వాటి పొట్టలు గుండ్రంగా, లేత బొబ్బర్ల గింజల్లా ఉండేవి, ఆ తర్వాత, ఆ తర్వాత మళ్ళీ పచ్చగా చార పడితే పుట్టనివ్వకుండా తనే తుడిచేసింది, మరకంటే తనకి పడదు, అచ్చుతప్పు దొరికినట్టే ఉంటుంది ప్రాణానికి, డేగకన్ను అని పేరు పెట్టారు ప్రెస్సులో, అంటే రోజూ పొద్దున్నే వాటి కంచం కడిగేసి, ఖాళీ కంచం ముందు కూర్చోబెట్టి, ఎంత బుద్ధిగా తింటున్నాయో అని మురిసిపోయిందా తను, ఎన్ని పోయాయన్నారు, నాలుగు, ఇది నాలుగోది, మూడు వారాల్లో, అయ్యో, అంది కొట్టావిడ, ఒక్క ముక్క సొరకాయో దోసకాయో మెత్తగా ఉడికించి నీళ్ళలో వేస్తే సరిపోయేదమ్మా, ప్రాణం నిలబడేది, మిగిలిన రెండిటికన్నా ఇవాళే వెయ్యండి, ఒక్కోసారి పొట్ట ఎండిపోయాక పెట్టినా ఒంటబట్టదు, అయినా పెట్టి చూడాలి కదా, ఏమైందమ్మా, కూర్చుంటారా, మంచినీళ్ళు ఇమ్మంటారా, ఏమీ కాలేదు, అంది ఆమె, ఏమీ కాలేదని నోరు అంటూనే ఉంది, సొరకాయ ముక్క, ఉడికించిన సొరకాయ ముక్క.

వీధిలోకి ఎప్పుడు వచ్చిందో తెలీదు, చేపని దూదితో సహా కొట్టు బల్ల మీదే వదిలేసి వచ్చింది, భూతద్దం మాత్రం గుప్పిట్లో ఉంది, ఎండ చుర్రుమంటోంది, తాళాలు బాగు చేసేవాడు పెద్ద గుత్తి గలగలలాడిస్తూ ఏంటమ్మా దారికడ్డం అన్నాడు, పక్కకి జరిగింది, జరిగి మళ్ళీ నిలబడిపోయింది, సొరకాయ ముక్క బావగారు వేశారు, మూడు వారాల క్రితం, తొట్టిలో, తను చూసింది, ఆయన కంచంలోంచి ఎడం చేత్తో ఒక ముక్క తీసి, వణుకుతూ, మీది మూత పక్కకి నెట్టి, నీళ్ళలోకి జారవిడిచారు, అయ్యో అయ్యో ఇదేం పని బావగారూ, నీళ్ళన్నీ పాడైపోవూ, అని తను పరిగెత్తుకెళ్ళి ఆ ముక్క తీసి చెత్తబుట్టలో పడేసి, చిన్నపిల్లాడికి చూపించినట్టు వేలు చూపించింది, అరవై రెండేళ్ళ మనిషికి, తన భర్తని భుజాన మోసి పెంచిన అన్నగారికి, వేలు, అప్పుడాయన అన్నారు, పొట్ట, అని, ఆ ఒక్క మాట బయటికి రావడానికి మెడనరాలు తాళ్ళలా లేచాయి, పొట్ట, పొట్ట, ఎడం చేత్తో తన పొట్ట తట్టుకుని తొట్టి వైపు చూపించారు, ఆకలేస్తోందా బావగారూ, ఇప్పుడే కదా తిన్నారు, అని ఇంకో రెండు ముద్దలు కలిపి నోట్లో పెట్టబోతే మొహం తిప్పేసుకుని అది కాదు అన్నారు, అది కాదు, అది కాదు, పక్షవాతం వచ్చి ఆస్పత్రి నుంచి తెచ్చినప్పటి నుంచీ ఆయన దగ్గర మిగిలిన మాటలు ఇంచుమించు అవే, దేనికైనా అదే, గుడ్లగూబ కూతలా అదే మాట, అందుకే ఆ మాటకి అర్థం ఉంటుందని ఎవరూ అనుకోలేదు, అది కాదు, అంటే అది కాదు అనే కదా, ఇంకేముంటుంది దానికి అర్థం, దేవుడా.

ఎండలో మళ్ళీ నడక మొదలెట్టింది, ఆస్పత్రిలో కసరత్తులు చేయించే ఆయన చెప్పాడు, ఎదురుగా కదిలేదేదైనా పెట్టండమ్మా, చూపు నిలుస్తుంది, అని, అందుకే తొట్టి తెచ్చింది, ఆయన కోసమే తెచ్చింది, నీళ్ళంటే ఆయనకి ప్రాణమని కూడా తెలుసు, ముప్పై నాలుగేళ్ళు ఊరి నీళ్ళ ప్లాంటులో ఫిల్టర్ల దగ్గర పనిచేసిన మనిషి, గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి ఇవాళ మందు ఎక్కువైంది, ఇవాళ వాన మట్టి కలిసింది అని చెప్పేవారు, పాచి సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది, పాచి ఎప్పుడు పుడుతుందో, ఎప్పుడు చస్తుందో, దాన్ని ఏ పురుగు తింటుందో, ఆయన్ని తొట్టి ముందు కుర్చీలో కూర్చోబెట్టి తామిద్దరూ పనులకి పోయేవారు, పగలంతా తొమ్మిది గంటలు, రోజుకి తొమ్మిది గంటలు చూశారాయన ఆ పొట్టల్ని, పొట్టలు రోజు రోజుకీ లోపలికి పోవడం చూశారు, తను సాయంత్రం వచ్చి చెప్పులు విప్పగానే మొదలెట్టేవారు, పొట్ట, తను సోడాపొడి కలిపి పట్టింది, పొట్ట, బాత్రూముకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది, పొట్ట, బిడ్డకి పట్టినట్టు బలవంతాన జావ పడితే ఒక రోజు వాంతి చేసుకున్నారు, అయినా తుడుస్తూంటే తొట్టి వైపే చెయ్యి చాపారు, చెంచాతో అద్దం మీద టకటకా కొట్టడం మొదలెట్టారు, చేపలు బెదిరిపోతాయండీ, అని భర్తతో చెప్పి ఆయన కుర్చీని తీసుకెళ్ళి కిటికీ దగ్గర వేయించింది, తొట్టికి వీపు పెట్టి, ఎవరు వేయించారు, తనే వేయించింది, ఆ మర్నాడే కదా పడిపోయారు, ఇంటికొచ్చేసరికి తొట్టి కింద నేల మీద బోర్లా, ఎప్పటి నుంచి పడున్నారో ఏమో, కిటికీ దగ్గరి నుంచి తొట్టి దాకా ఆరడుగులు, ఒక కాలు చచ్చిన మనిషి ఆరడుగులు ఈడ్చుకుంటూ వచ్చారు, లేవదీస్తే ఎడం గుప్పిట్లో ఏదో పచ్చగా మెత్తగా నలిగి ఉంది, ఛీ ఇదేంటి అని వేళ్ళు విడదీసి కడిగేసింది, సొరకాయ, మధ్యాహ్నానికని పక్కన పెట్టి వెళ్ళిన కంచంలోది, దాచుకున్నారు, తినకుండా దాచి తీసుకెళ్ళారు, ఆ పడడంతోనే తన భర్త తల పట్టుకుని అన్నాడు, ఇంక మన వల్ల కాదు, అన్నయ్యకి మతి పూర్తిగా పోయింది, ఎక్కడైనా చేర్పించేద్దాం.

ఇవాళే, ఇవాళ పన్నెండింటికి, బండి వస్తుంది, ఆమె చేతి గడియారం చూసుకుంది, పదకొండూ పది, అడుగులు వాటంతటవే పెద్దవయ్యాయి, పోయిన వారం సంరక్షణ కేంద్రం నుంచి వచ్చినావిడ కాగితాల అట్ట ఒళ్ళో పెట్టుకుని గబగబా అడిగేసింది, మీ పేరు చెప్పండి, అది కాదు అన్నారు, ఇవాళ ఏం వారం, అది కాదు, కుడి చెయ్యి ఎత్తండి, ఎత్తలేదు, కుడి చెయ్యి ఎత్తలేదని గడిలో టిక్కు పెట్టుకుంది ఆవిడ, కుడి చెయ్యి చచ్చుబడిపోయిన మనిషి ఎలా ఎత్తుతాడు, ఆ మాట ఆ గదిలో ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదా, డేగకన్నుకి తోచలేదా, తిన్న సంగతి గుర్తుంటుందా, ఉండదండీ, తిన్న పది నిమిషాలకే పొట్ట పొట్ట అంటారు, అని తనే చెప్పింది, ఇంకో టిక్కు, అక్కడ రెండు భాగాలుంటాయట, మాటా నడకా మళ్ళీ నేర్పించే భాగం ఒకటి, తెలివి పోయినవాళ్ళని తలుపులు వేసి ఉంచే భాగం ఇంకొకటి, ఈయనకి రెండోదేనండీ, అంది ఆవిడ, అంటూంటే బావగారి మొహంలోకి కాదు, కాగితంలోకి చూస్తోంది, తామూ కాగితంలోకే చూశారు, ఆయన మాత్రం ముగ్గుర్నీ చూస్తున్నారు, ఆ చూపు ఇప్పుడు, ఈ నడివీధిలో, పండ్ల బండి పక్కన, ఉన్నట్టుండి కనిపించింది ఆమెకి, బిత్తర చూపు అనుకుంది అప్పుడు, బిత్తర కాదది, తన గురించి తన ఎదురుగా తీర్పు చెప్తూంటే అన్నీ అర్థమవుతున్న మనిషి చూపు.

అన్నీ అర్థమవుతున్న మనిషి, ఆ మాట లోపల పడగానే ఆమె పక్కింటి గోడకి చెయ్యి ఆన్చింది, గోడ వేడిగా ఉంది, అన్నీ అంటే ఏమేమిటి, రెండు నెలలుగా ఆ హాల్లో, ఆయనకి మూడడుగుల దూరంలో ఏమేం మాట్లాడుకున్నారు తాము, దుప్పటి మార్చడం నీ వంతు నా వంతు అని వాదించుకున్నారు, ఆయన మీద నుంచి, ఆయన లేనట్టే, ఫోనులో చెల్లెలికి తను చెప్పింది, మనిషి ఉన్నాడంతేనే, లోపల ఎవరూ లేరు, తాళం వేసిన ఇల్లు, రోజుకోసారి దుమ్ము దులపడమే మన పని, చెల్లెలు నవ్వింది, తనూ నవ్వింది, ఆయన కిటికీలోకి చూస్తున్నారు, భోజనాల బల్ల దగ్గర తన భర్త ఒక రోజు అన్నం కెలుకుతూ అన్నాడు, ఆ రోజు ఆస్పత్రిలోనే పోయినా బాగుండేది, మహారాజులా పోయేవాడు, ఇలా చూడలేకపోతున్నానే, అని, ప్రేమతోనే అన్నాడు, కళ్ళనీళ్ళతోనే అన్నాడు, కానీ అన్నాడు, ఆయన చెంచా పట్టుకున్న ఎడం చెయ్యి అప్పుడు గాల్లో ఆగిపోయింది, ఆగి మళ్ళీ కదిలింది, చూసింది తను, నరాల బలహీనత అనుకుంది, ఇంకా, ఇంకా ఉంది, గోళ్ళు తీస్తూ చెప్పిన సంగతి, ఎవరికీ చెప్పనిది, కట్టుకున్నవాడికి కూడా చెప్పనిది, సున్నా పాయింటు ఐదు అని ఉండాల్సిన చోట ఐదు అని పడింది లేబులు మీద, పిల్లలకి పట్టే మందు, తన కంటి ముందు నుంచే పోయింది, తనే సంతకం పెట్టింది, పెట్టెలు గోదాము దాటకముందే ఎవరో పట్టుకున్నారు కాబట్టి ఏ బిడ్డకీ ఏమీ కాలేదు, సంతకం పెట్టిన ప్రూఫు కాగితం తన బల్ల మీదే ఉంటే మడిచి సంచిలో వేసుకుంది, అంతే, ఆ తప్పు అచ్చు ప్లేట్లు తీసే ముసలాయన నెత్తిన పడింది, రిటైరయ్యే ముందు ఆయన్ని గోదాములో మూటలు లెక్కపెట్టడానికి వేశారు, ఆ వారమంతా నిద్ర లేదు, గోడకి చెప్పుకున్నట్టు బావగారికి చెప్పుకుంది, ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒక్కో గోరూ కత్తిరిస్తూ, నేనే బావగారూ, నా తప్పే, నోరు విప్పలేకపోతున్నాను, అని, అప్పుడాయన చెయ్యి తిరగబడి ఆమె చేతి మీద పడింది, గట్టిగా నొక్కింది, వదల్లేదు చాలాసేపు, బిగుసుకుపోయిందనుకుంది తను, నెమ్మదిగా వేళ్ళు విడదీసుకుంది, బిగుసుకుపోవడం కాదది, ఓదార్పు, తనని పూర్తిగా విని, తన తప్పు పూర్తిగా తెలిసి, ఆయన ఓదార్చారు, తను వేళ్ళు విడదీసుకుంది.

మెట్లెక్కేసరికి తలుపు తీసే ఉంది, హాల్లో నడుము బెల్టుకి స్క్రూడ్రైవర్లతోనే ఆమె భర్త వంగి సంచీ జిప్పు లాగుతున్నాడు, లిఫ్టు పని మధ్యలో వదిలి వచ్చాడు, ఎక్కడికి పోయావు ఈ టైములో, అన్నాడు తలెత్తకుండా, చచ్చిన చేపని పట్టుకుని ఊరేగావా, మూడు చొక్కాలు పెట్టాను, నాలుగోది ఉతికావా, కిటికీ దగ్గర కుర్చీలో బావగారు, గడ్డం గీయించుకుని, పాత ప్లాంటు చొక్కా కాదు, ఇస్త్రీ చొక్కా తొడిగించుకుని, బొత్తాం ఒకటి తప్పుగా పెట్టి ఉంది, బడికి మొదటి రోజు పంపే పిల్లాడిలా, ఏవండీ, అంది ఆమె, ఏవండీ, మీ అన్నయ్యకి అన్నీ అర్థమవుతాయి, భర్త జిప్పు దగ్గరే ఆగాడు, ఏంటీ, ఆయన చేపల పొట్ట అన్నారండీ, ఆకలి ఆయనకి కాదు, చేపలకి, కొట్టావిడ చెప్పింది, చేపలు పస్తులుండి చచ్చిపోయాయి, సొరకాయ వెయ్యాలట, ఉడికించిన సొరకాయ, మీ అన్నయ్య వేసింది అదే, నేను తీసి పారేశాను, నువ్వు ఎండలో తిరిగొచ్చావు, ముందు కూర్చో, అన్నాడు భర్త, కాదండీ, వినండి, నేల మీద పడింది అందుకే, గుప్పిట్లో ఉన్నది అదే, మతిలేని మనిషికి ఈ వరస ఎలా తెలుస్తుంది చెప్పండి, ఆయన మాటలే పోయాయండీ, మనిషి పోలేదు, మనిషి లోపలే ఉన్నాడు, మొదటి నుంచీ ఉన్నాడు, గంటలో బండి వస్తుంటే ఇప్పుడీ గోలేంటి, అని ఆమె భర్త అరవబోయి, అరుపు మధ్యలో అన్నయ్య వైపు చూశాడు, ఎన్నాళ్ళయిందో అలా చూసి, రెండు నెలలుగా దుప్పటి వైపు, మందుల పెట్టె వైపు, చక్రాల కుర్చీ బిల్లు వైపు చూశాడు కానీ ఆ మొహంలోకి చూడలేదు, చూస్తే తట్టుకోలేక చూడలేదు, ఇప్పుడు చూశాడు, బావగారి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఎడం పక్క తిన్నగా, కుడి పక్క వంకర పోయిన నోటి మీదుగా, చప్పుడు లేకుండా.

ఆమె ముక్కాలి పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా, ఇదివరకు ముద్దలు పెట్టేటప్పుడు పక్కన కూర్చునేది, టీవీ చూస్తూ, బావగారూ, చేపలు తిండిలేక చచ్చిపోతున్నాయనే కదా చెప్పారు మీరు, అని అడిగింది, అడిగి నోరు మూసుకుంది, ఆయన పెదాలు కదలడానికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడూ ఆగి చూడలేదు తను, ఇప్పుడు ఆగింది, గోడగడియారం ముల్లు చప్పుడు వినిపిస్తోంది, కింద ఎవరో స్కూటరు తన్నుతున్నారు, అంటుకోవడం లేదు, ఆయన గొంతులో ఏదో కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది, మెడనరాలు లేచాయి, తన చెయ్యి ఆయన వైపు పోకుండా ఆమె చీర కొంగు అంచు పట్టుకుంది, అవు, అన్నారు, తర్వాత ఇంకా చాలాసేపటికి, ను, రెండు నెలల్లో మొదటిసారి ఆ ఇంట్లో ఆయన అవునన్నారు, ఎందుకంటే రెండు నెలల్లో మొదటిసారి అవునని చెప్పదగ్గ ప్రశ్న ఎవరో అడిగారు, ఆమె వెనక ఏదో ధబ్బుమంది, తన భర్త నేల మీద చతికిలబడ్డాడు, నడుముకున్న స్క్రూడ్రైవర్లు గలగలమన్నాయి, అన్నయ్యా, అన్నాడు, ఆ రోజు అన్నం దగ్గర, నేను, పోయినా బాగుండేదని, నీ ఎదురుగానే, నువ్వు వింటూనే, మాట పూర్తి కాలేదు, ఆ పెద్దమనిషి ఎడం చెయ్యి చాపారు, అందలేదు, ఆమె భర్త మోకాళ్ళ మీద ఇంకొంచెం ముందుకి జరిగాడు, అప్పుడు అందింది, జుట్టు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపారు, పరీక్ష తప్పిన తమ్ముణ్ణి ఊపినట్టు.

బండి పన్నెండుకి ఐదు నిమిషాల ముందే వచ్చింది, కింద హారను మోగింది, ఆమె భర్త కళ్ళు తుడుచుకుని లేచి కాగితాలు పట్టుకుని దిగాడు, కిటికీలోంచి వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి, లేదండీ, ఇవాళ పంపడం లేదు, ఆ రెండో భాగానికి అసలు పంపం, మాట నేర్పే భాగానికి మళ్ళీ చూడాలి, మళ్ళీ పరీక్ష పెట్టండి, ఈసారి తొందర పడకుండా అడిగే మనిషిని పంపండి, ఎడం చెయ్యి ఎత్తమనండి, ఎడం చెయ్యి, డ్రైవరు ఏదో గొణిగాడు, నాకేం తెలుసు సార్, నన్ను రమ్మన్నారు వచ్చాను, అని తలుపు ధడేల్మని వేసుకుని పోయాడు, ఆమె వంటింట్లో నిలబడి సొరకాయ చెక్కు తీస్తోంది, వేలు తెగింది, తెగిన సంగతి రక్తం చూశాక తెలిసింది, ప్లేట్ల ముసలాయన సంగతి రేపు పొద్దున మేనేజరు గదిలో చెప్పెయ్యాలి, సంచిలో మడిచిన కాగితంతో సహా, ఇంక ఆ సంగతి గోడకి చెప్పుకున్నట్టు కాదు, విన్న మనిషి ఉన్నాడు, చెప్పకపోతే రోజూ ఆ కళ్ళలోకి చూడాలి, ముక్క మెత్తబడింది, చల్లార్చి, భర్తా తనూ కలిసి కుర్చీని తొట్టి ముందుకి జరిపి, ముక్క ఆయన ఎడం చేతిలోనే పెట్టింది, మీరే వెయ్యండి బావగారూ, ఆయన వేశారు, తేలకుండా ఆమె ఒక చెంచా గుచ్చి అడుక్కి దింపింది, ముగ్గురూ చూస్తున్నారు, మిగిలిన రెండు చేపలూ మెరిసే అద్దానికి నోరు అతికించుకుని ఖాళీని నాకుతూనే ఉన్నాయి, చాలాసేపటికి వాటిలో చిన్నది అద్దం వదిలి కిందికి దిగింది, ముక్క చుట్టూ ఒకసారి తిరిగింది, నోరు ఆన్చింది, రెండోది దిగలేదు, దిగుతుందో లేదో తెలీదు, పొట్ట, అన్నారు బావగారు ఆ చిన్నదాన్ని చూస్తూ, ఈసారి మెడనరాలు అంతగా లేవలేదు, అవును బావగారూ, పొట్ట, అంది ఆమె, అని ఆయన మొహం వైపు తిరిగింది, తిరిగి అలాగే ఉండిపోయింది, ఎందుకంటే అప్పుడు, ఆ క్షణాన, పొద్దుటి నుంచీ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చిన దెబ్బలన్నీ సద్దుమణిగిన చోట, ఇంకొకటి మిగిలి ఉందని తెలిసింది, పడిపోయిన రోజు నుంచీ ఆయనకి తెలుసు, తనని పంపించేస్తున్నారని, ఏ రోజు పంపుతున్నారో, ఏ తలుపుల వెనక్కి పంపుతున్నారో, అన్నీ విన్నారు, ప్రాణమంతా కూడదీసుకుంటే గానీ ఒక్క మాట రాని మనిషి, అది తెలిశాక కూడా రోజూ ప్రాణమంతా కూడదీసుకున్నారు, వద్దు అనడానికి కాదు, నన్ను పంపకండి అనడానికి కాదు, ఆయన దగ్గరున్న ఆ ఒక్క మాటా చేపల కోసం ఖర్చు పెట్టారు.